దీర్ఘం లేని ‘మీరు’

అక్టోబరు నెల, మూడో శనివారం. హామిల్టన్, చర్చి కింద హాలు. హాజరు: టీచరుగారు, చక్రాల కుర్చీలో, వాంకూవర్ నుంచి వచ్చిన ఆవిడ కూతురు, జపాన్ నుంచి వచ్చిన అతిథులు, వాళ్ళతో వచ్చిన పెద్దావిడ, మా పూల క్లాసులో మిగిలినవాళ్ళం, మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు, నేను. బయట ఎండ, గాలి ఎక్కువ.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఏ పేజీ అయినా ఇలాగే మొదలవుతుంది, ఎందుకంటే వార్డులో డ్యూటీ అప్పగించేటప్పుడు ఎవరున్నారో, ఏ స్థితిలో ఉన్నారో ముందు రాసి తక్కిన సంగతులు తర్వాత రాయడం గుంటూరులో నర్సింగ్ చదివేటప్పుడు అబ్బిన అలవాటు, రిటైరయి ఇన్నేళ్ళయినా చేతిని వదల్లేదు. ఆ పేజీ మళ్ళీ తెరవకూడదనుకున్నాను. కానీ మొన్న ఆదివారం మా తెలుగు సహవాసంలో ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర, వరంగల్ వైపు నుంచి కొత్తగా చదువుకి వచ్చిన అమ్మాయి ఒకతె నా దగ్గరికి వచ్చి, “ఆంటీ, మీరు కూర్చోండి, నేను తెస్తా” అంది. అంతే, గ్లాసు సంగతి మరిచి ఆ పిల్ల వైపు తిరిగాను, నీళ్ళు చీర మీద ఒలికాయి. ఆ పిల్ల తానేం తప్పు మాట్లాడానోనని హడలిపోయింది. ఆ మాట రోజుకి ఎన్నిసార్లు వింటాం చెప్పండి, ఈ వయసుకి వచ్చాక మనల్ని ‘నువ్వు’ అనేవాళ్ళు ఎంతమంది మిగులుతారు గనక. అయినా ఇప్పుడు ఎవరు ‘మీరు’ అన్నా నా చెవి ముందు ఆ దీర్ఘం దగ్గర ఆగుతుంది.

మావారు పోయాక నేను ఇంట్లో కిటికీ దగ్గర కూర్చోవడం తప్ప వేరే పని పెట్టుకోలేదు. చివరి రోజుల్లో మందుల మత్తులో ఆయన నన్ను గుర్తుపట్టలేదు. చెంచాతో నీళ్ళు పోస్తుంటే, “సిస్టర్, మా ఆవిడ వచ్చిందా?” అని అడిగారు. వస్తున్నారండీ అని చెప్పాను. ఎంతోమంది రోగులకి అలాగే చెప్పినదాన్ని, నోరు అలవాటుగా ఆ మాటే అనేసింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు గానీ, మా అమ్మాయి నా వాలకం చూడలేక, జపాన్ సాంస్కృతిక సంఘంవాళ్ళు శనివారాలు మన చర్చి కింద హాల్లోనే ఇకెబానా నేర్పుతారట, పూలు అమర్చే విద్య, పోయి కూర్చో అని నన్ను బలవంతంగా దింపి వెళ్ళింది.

టీచరుగారు నాకంటే పెద్దావిడ, పొట్టి మనిషి, నెరిసిన జుట్టు మెడదాకా కత్తిరించుకుని నల్ల ఏప్రన్ కట్టుకునేవారు. పెళ్ళయి ఈ కెనడా వచ్చిన దగ్గర్నుంచీ బళ్ళలో, లైబ్రరీల్లో, కాలేజీల్లో తన దేశపు పూల విద్యని పరాయివాళ్ళకి నేర్పుతూ జీవితం గడిపిన మనిషి. మొదటి రోజు అందరి ముందూ తలా ఒక కొమ్మ, ఒక కత్తెర, అడుగున మేకుల్లాంటి ముళ్ళున్న దిమ్మ పెట్టిన ఒక పళ్ళెం ఉన్నాయి. పని ముందు పడితే ఆగలేని నర్సుని కాబట్టి నేను అప్పటికే కత్తెర తెరిచాను. ఆవిడ వేలెత్తి గట్టిగా, “మజు, మిరు” అన్నారు. మొదటి మాట నాకు అర్థం కాలేదు, రెండోది మాత్రం అచ్చ తెలుగులో చెవిన పడింది. లేచి నిలబడి, “నేనాండీ?” అన్నాను.

హాలంతా నావైపు తిరిగింది. మజు అంటే ముందుగా అనీ, మిరు అంటే చూడటం అనీ, కొమ్మ ఎటు వంగిందో, ఎండకోసం ఎటు తిరిగి పెరిగిందో ముందు చూసి ఆ తర్వాతే కత్తెర ఎత్తాలనీ ఆవిడ చెప్పారు. మా భాషలో మీరు అంటే ఏమిటో నేను చెప్పాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆ రోజుతో నా పేరు పోయి నేను ‘మీరు-సాన్’ అయిపోయాను. సాన్ అంటే వాళ్ళ ‘గారు’ అని తెలిసి మా అల్లుడికి ఓ వేళాకోళం దొరికింది. “గౌరవం మీద గౌరవం అత్తయ్యా. మీరుగారూ, కాఫీ తాగుతారా?” అని ఇప్పటికీ ఆట పట్టిస్తాడు. టీచరుగారు మాత్రం తేడా పాటించేవారు. కొమ్మని చూడమన్నప్పుడు పొట్టిగా ‘మిరు’, నన్ను పిలిచినప్పుడు దీర్ఘం సాగదీసి, దాదాపు పాటలా, ‘మీ...రు-సాన్’. హాల్లో ఏ మూలనున్నా ఆ దీర్ఘాన్ని బట్టి నాకు తెలిసిపోయేది.

మనకి పూలంటే నిండుగా ఉండాలి, దండలో దారం కనబడకూడదు. ఆవిడ దగ్గర ఒక కొమ్మ, రెండు చామంతులు, మిగిలిందంతా ఖాళీ. నేర్చుకున్న ఉత్సాహంలో నేను ఒక ఆదివారం మా సహవాసంలో ప్రసంగ వేదిక పక్కన అలాగే అమర్చి పెడితే సంఘ పెద్దగారు కళ్ళజోడు సవరించుకుని, “ఏం సిస్టరమ్మా, పూలకొట్టు ఈ వారం మూసేశారా?” అన్నారు. ఈ మాట చెబితే టీచరుగారు కోప్పడలేదు సరికదా, మీ పద్ధతి నాకు నేర్పు అన్నారు. సూది లేకుండా దారంతో పూలు కట్టడం నేర్పాను. మల్లెలు దొరక్క తెల్ల చామంతులతో కట్టాం. ఆ దండని ఆవిడ ముంజేతికి చుట్టుకుని ఇంటికెళ్ళారు, మర్నాడు మా ఆరాధనకి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు, చికెన్ పలావు రెండుసార్లు పెట్టించుకున్నారు.

తర్వాతి సంవత్సరాల్లో ఆవిడ ఎక్కడికి వెళ్ళినా డ్రైవింగ్ నాది. కిచెనర్ లైబ్రరీకి, గ్వెల్ఫ్ యూనివర్సిటీకి, వెనక సీటు నిండా తడిగుడ్డలో చుట్టిన కొమ్మలతో వెళ్ళేవాళ్ళం. గ్వెల్ఫ్‌లో ఒక కుర్రాడు, ఈ విద్య నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది అని అడిగితే ఆవిడ నన్ను చూపించి, ఈవిణ్ణి అడుగు, ఈవిడ ఇంకా చూడకుండానే కోస్తోంది అన్నారు. తిరుగు ప్రయాణంలో ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. మాట్లాడకుండా పక్కన కూర్చోగల మనిషి మావారి తర్వాత నాకు ఆవిడే.

పోయిన వసంతంలో ఆవిడకి స్ట్రోక్ వచ్చింది. తీసుకెళ్ళింది నేను రిటైరయ్యేదాకా పనిచేసిన వార్డుకే. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. నాలుగో రోజున మాట ఒకటి వచ్చింది. మిరు. దాహమేసినా మిరు, నొప్పి పుట్టినా మిరు, కర్టెన్ కదిలినా మిరు.

ఇది నాకు కొత్త కాదు. మాట పోయినవాళ్ళలో కొందరికి ఒకే ఒక్క మాట మిగిలిపోతుంది, దేనికైనా అదే బయటికొస్తుంది. ఒకాయనకి కూతురి పేరు మిగిలింది, చెంచాని చూసినా కూతురి పేరే. మిమ్మల్నే పిలుస్తున్నారని ఆశపెట్టుకోకండి, ఆ మాటలో అర్థం ఉండకపోవచ్చు అని బంధువుల భుజం మీద చెయ్యేసి మెల్లగా చెప్పి, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోవడం నా ఉద్యోగంలో భాగం. ఇప్పుడు ఆ మాట నాకు చెప్పేవాళ్ళు అక్కర్లేదు, నాకే తెలుసు. తెలిసినా, ఆస్పత్రి నుంచి ఆవిణ్ణి కేర్ హోమ్‌కి మార్చాక ప్రతి మధ్యాహ్నం అక్కడికి వెళ్ళి మంచం పక్కన కూర్చుని చెవి రిక్కించేదాన్ని. దీర్ఘం ఉందా, లేదా? నాలుక బరువెక్కిన మనిషి కదా, అన్ని అచ్చులూ సాగేవి. ఒకసారి దీర్ఘం వినబడి లేచి నిలబడితే, ఆవిడ చూపు టీవీ మీద ఉండేది. డైరీలో దీర్ఘానికొక గుర్తు, పొట్టికొక గుర్తు పెట్టడం మొదలుపెట్టి, వారం తిరక్కుండానే మానేశాను. ప్రార్థనలో మాత్రం మానలేదు. ఆవిడకి చెయ్యి తిరిగి రావాలనో, నడక రావాలనో అడగాల్సింది, ప్రభువా ఒక్క దీర్ఘం ఇవ్వు అని అడిగేదాన్ని.

ఇంతలో కూతురు ఆవిణ్ణి వాంకూవర్ తీసుకెళ్ళడానికి ఏర్పాట్లు చేసింది. కన్నకూతురు, ఉద్యోగం అక్కడ, నేను కాదనేదేముంది. ఏటా శరత్కాలంలో జపాన్ నుంచి అతిథులు వచ్చి మా హాల్లో తమ కళలు చూపించి, మావాళ్ళు నేర్చుకున్నది చూసి వెళ్ళే కార్యక్రమం ఆ శనివారమే పడింది. ప్రయాణం మర్నాడు ఉదయం. టీచరుగారి వంతు పూలు ఆవిడ ముందే నేను అమర్చాలని అందరూ అన్నారు. నాకు కావలసింది ఒక్కటే. వెళ్ళిపోయేలోపు ఆవిడ నన్ను ఒక్కసారి గుర్తుపట్టారని తెలియాలి. ఇంకోసారి ‘సిస్టర్’ని అయి మిగిలిపోవడం నా వల్ల కాదు.

ఎర్రబారిన మేపుల్ కొమ్మ చేతిలో పట్టుకుని అందరి ముందూ నిలబడ్డాను. కొమ్మని చూడాల్సిన సమయంలో నేను ఆవిణ్ణే చూస్తున్నాను. అప్పుడు ఆవిడ అన్నారు, “మి...రు.” జపాన్ నుంచి వచ్చిన పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, ఈ స్థితిలో కూడా టీచరుగారు పాఠం చెబుతున్నారు, ముందు చూడమంటున్నారు అని సభకి వివరించారు. చప్పట్లు కొట్టారు. కూతురు నా వెనక నుంచి, పొద్దున టూత్‌బ్రష్‌తో కూడా అదే అంది అని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. చెడ్డ ఉద్దేశంతో కాదు, నేను ఆశపడకూడదని. భుజం మీద చెయ్యి కూడా వేసింది. నేను కొమ్మ కోశాను. కోయకూడని చోట కోశాను. కొమ్మ పక్కకి ఒరిగిపోతే చామంతి అడ్డం పెట్టి నిలబెట్టాను, ఎవరూ గమనించలేదు. ఆవిడ మామూలుగా ఉండి ఉంటే దూరం నుంచే నాలుక చప్పరించేవారు. ఆ చప్పుడు కోసం ఆగాను. రాలేదు.

అందరూ టీ తాగుతుండగా కుర్చీని పక్కగదిలోకి తోసుకెళ్ళి తలుపు దగ్గరికి వేశాను. మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకుని, నేనెవరో తెలిస్తే నా చెయ్యి నొక్కండి అన్నాను. నొక్కారు. నా ప్రాణం లేచొచ్చింది. కానీ వార్డులో నేర్చుకున్నది ఊరుకోనివ్వదు కదా, ఎదురు ప్రశ్న కూడా వెయ్యాలి. నేను మీ కూతుర్నా, అవునైతే నొక్కండి అన్నాను. నొక్కారు. అంతే గట్టిగా. ఎందుకడిగానా ఆ రెండో ప్రశ్న అని ఇవాళ్టికీ నన్ను నేను తిట్టుకుంటాను. తలుపు తీసుకుని వచ్చిన మనవరాలు నన్ను అలా నేలమీద చూసి, “అమ్మమ్మా, షి ఈజ్ స్మైలింగ్ ఎట్ యు” అంది. తలెత్తి చూశాను. మూతి ఒకవైపు జారినవాళ్ళ ముఖం ఒక్కోసారి అలా కనబడుతుందని ఆ పిల్లకి నేను చెప్పలేదు.

ఇప్పుడు ఆ హాల్లో శనివారాలు ఎవరో వ్యాయామం నేర్పుతున్నారు, పాటలు పెద్దగా పెడతారు. నేర్పేవాళ్ళు లేరని ఇకెబానా క్లాసు ఆపేశారు. నన్ను నేర్పమన్నారు గానీ, ఇంకా చూడకుండా కోసేదాన్ని నేనేం నేర్పగలను. పళ్ళాలూ ముళ్ళ దిమ్మలూ అట్టపెట్టెల్లో బాయిలర్ పక్కన ఉన్నాయి. మా సహవాసంలో వేదిక దగ్గర పూలు మళ్ళీ నిండుగా ఉంటున్నాయి. వాంకూవర్‌కి ఫోన్ చేస్తే కూతురు ఓపికగా మాట్లాడుతుంది. వెనక నుంచి ఆ మాట వినబడుతూనే ఉంటుంది, ఒకసారి సాగుతూ, ఒకసారి తెగుతూ. ఒకప్పుడు ఒక్క దీర్ఘంతో నన్ను హాలు చివరి నుంచి లేపిన మాట.

ఆ కార్యక్రమం మర్నాడు, ఆదివారం, నేను కేర్ హోమ్‌కి చేరేసరికి ఆవిణ్ణి అప్పటికే ఎయిర్‌పోర్టుకి వెళ్ళే కారులో కూర్చోబెట్టారు. చలిగాలి అని అద్దాలు ఎత్తేశారు, ఇంజన్ ఆన్‌లో ఉంది. నేను వంగి అద్దానికి చెయ్యి ఆనించాను. ఆవిడ నావైపు తిరిగారు. పెదవులు కదిలాయి. మాట వినబడలేదు, దీర్ఘం పెదవుల మీద కనబడదు. ఎడమ చెయ్యి కొద్దిగా లేచింది, వేలు నా వైపా, నా భుజం మీదుగానా తెలియలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. అక్కడొక మేపుల్ చెట్టు ఉంది, సగం రాలిపోయి. ఒక కొమ్మ రోడ్డువైపు వంగి, ఎండకోసం మళ్ళీ పైకి తిరిగింది. ముందు చూడాలి అన్నారు కదా. ఎంతసేపు చూశానో తెలియదు. మళ్ళీ ఇటు తిరిగేసరికి కారు మలుపు దగ్గర సిగ్నల్ వేసుకుని ఆగి ఉంది, తర్వాత అదీ లేదు.