మౌంట్ ఓలివ్ కండువా

మే నెల వస్తే వెర్డెల్ మౌజోన్‌కి ఎక్కడలేని మర్యాదలు జరుగుతాయి. నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ వేరువేరు బళ్ళలో చదివించడం తప్పని పెద్దకోర్టు తీర్పు చెప్పింది ఆ నెలలోనే. యాష్‌బీ ఊళ్ళో ఆ తీర్పును నమ్ముకుని తెల్లవాళ్ళ బడి గుమ్మం ఎక్కిన మొదటి నల్లపిల్ల వెర్డెల్. అందుకని పాస్టరుగారు ఏటా ఆమెను చర్చిలో ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, చేతికో జ్ఞాపిక ఇచ్చి, పిల్లల చేత చప్పట్లు కొట్టిస్తాడు. ఓసారి ఓ చిన్నది లేచి, "అక్కడ బాగుండేదా, అమ్మమ్మా?" అని అడిగింది. వెర్డెల్ జ్ఞాపికని ఒళ్ళో పెట్టుకుంది. "పుస్తకాలు కొత్తవమ్మా" అంది.

ఆగస్టులో మాత్రం ఆమెను పట్టించుకునే నాథుడే ఉండడు. అది మౌంట్ ఓలివ్ వాళ్ళ నెల. మౌంట్ ఓలివ్ అంటే రైలుపట్టాల అవతలి నల్లవాళ్ళ బడి. అది మూతపడి యాభై ఏళ్ళు దాటినా, అక్కడ చదివినవాళ్ళు డెట్రాయిట్ నుంచీ న్యూయార్క్ నుంచీ దిగుతారు. ఊదారంగు కండువాలు వేసుకుని, ఏ ఏడాది వాళ్ళు ఆ ఏడాది జెండా పట్టుకుని, చర్చి హాల్లోకి వరసగా నడిచి వస్తారు. చివర్లో బడిపాట పాడతారు. అక్కడ పట్టా పుచ్చుకున్నవాళ్ళకే కండువా. మిగతావాళ్ళు కుర్చీల్లో కూర్చుని చూడొచ్చు, మహారాజుల్లా. తొమ్మిదో తరగతి దాకా అక్కడే చదివిన వెర్డెల్ ఏటా వంటింటి గుమ్మంలో టమాటాలు వేసి వండిన ఎర్రన్నం గిన్నె పట్టుకుని నిలబడి చూసేది.

ఆ నియమం పెట్టింది ఓనీటా. వెర్డెల్‌తో ఒకే వీధిలో పుట్టి, ఒకే గౌను మార్చుకుని తొడుక్కుంటూ పెరిగిన స్నేహితురాలు.

తెల్లవాళ్ళ బడికి వెళ్తానని వెర్డెల్ ఏనాడూ అడగలేదు. 1965లో, ఎవరి పిల్లల్ని ఏ బడికి పంపుకుంటారో వాళ్ళిష్టమని బడి పెద్దలు చెప్పారు. అలా అన్నా, నల్లవాళ్ళు జడుసుకుని ఉన్నచోటే కూర్చుంటారని వాళ్ళ లెక్క. రంపపు మిల్లులో పనిచేసే వెర్డెల్ తండ్రి కూర్చోలేదు. "తీర్పొచ్చి పదేళ్ళు దాటింది. మన పిల్లలు వెళ్ళకపోతే అదెందుకు, గోడకి అంటించుకోడానికా?" అన్నాడు. వారం తిరక్కుండా మిల్లులో ఆయన పని ఊడింది.

వెర్డెల్ మూడేళ్ళూ మధ్యాహ్నం ఒంటరిగానే తింది. మొదటి శుక్రవారం ఆటల ముందు బ్యాండువాళ్ళు పాట ఎత్తుకోగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. అది మౌంట్ ఓలివ్ పాట! తనకోసమే వాయిస్తున్నారనుకుంది, పిచ్చిపిల్ల. "ఆలివు కొండా, మా తల్లీ" అని గొంతెత్తింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూసి పగలబడి నవ్వారు. రెండు బళ్ళవాళ్ళూ ఒకే పాత వరసకి ఎవరి మాటలు వాళ్ళు కట్టుకున్నారు. ఒకరి పాట ఒకరు ఎన్నడూ వినలేదు గనక ఎవరికీ తెలియలేదు. ఆ రాత్రి వెర్డెల్ దుప్పటి ముసుగులో, "యాష్‌బీ, యాష్‌బీ" అని మొదలయ్యే వాళ్ళ మాటలు కంఠతా పట్టింది.

ఆమె పట్టా పుచ్చుకుని బడి వదిలాక రెండేళ్ళకి రెండు బళ్ళనీ కలిపారు. కలపడమంటే మౌంట్ ఓలివ్‌కి తాళం వేయడమే. గెలుచుకున్న కప్పులన్నీ చెత్తబండి ఎక్కాయి. లెక్కలు చెప్పే ఓనీటా తల్లికి ఉద్యోగం పోయింది. ఆవిడ బతికినన్నాళ్ళూ తెల్లవాళ్ళ పిల్లలకు గౌన్లు కుట్టింది. కోర్టు చెప్పింది ఇదా? వెర్డెల్ నలభై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసింది, ఎన్నో గాయాలకు కట్లు కట్టింది గానీ, ఈ ప్రశ్నని మాత్రం రోజూ ఇంటికి మోసుకొచ్చింది.

ఈ ఏడు కలయికకు ముందు ఆమె ఓనీటా ఇంటి వరండాకి వెళ్ళి కూర్చుంది.

"ఈసారి నన్నూ నడవనివ్వవే" అంది.

"పట్టా చూపించు, నడు."

"నా పట్టా ఎక్కడిదో నీకు తెలీదూ?"

"తెలుసు. వాళ్ళతోనే నడు మరి. వాళ్ళూ చేసుకుంటారుగా క్లబ్బులో కలయిక!"

"ఓసారి వెళ్ళానే. ఒకాయన నా చెయ్యి ఊపేస్తూ, 'మనమంతా ఎంత సరదాగా ఉండేవాళ్ళమో' అన్నాడు. ఎవరి గురించి చెప్తున్నాడో నాకు అంతుపట్టలేదు."

ఓనీటాకి నవ్వొచ్చింది. బలవంతాన మింగేసింది. "నువ్వు వెళ్ళావు, మా బడి పోయింది" అంది.

"మా బడా? నాది కాదూ?"

ఓనీటా గ్లాసులో టీ పోసి ఆమె ముందుకు తోసింది.

"మా నాన్న తప్పు చేశాడంటావా?"

"ఛ, అననే."

"మీ అమ్మకి జరిగింది న్యాయమా?"

"నోరు మూసుకో."

"మరి తప్పెవరిదే?"

"నాకేం తెలుసే తల్లీ! అసలే ఉక్కపోత. టీ తాగి ఇంటికి పో."

శనివారం వెర్డెల్ ఎప్పట్లాగే వంటింట్లో ఉంది. ఓనీటా విసవిసా వచ్చి, తన దగ్గరున్న రెండో కండువా తీసి ఆమె మెడలో పడేసింది. "ఆ గరిటె అక్కడ పెట్టు. నా పక్కన నడు. ఎవరైనా అడిగితే నాతో మాట్లాడమను" అంది.

వెర్డెల్ నడిచింది. బతుకులో ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో ఆమెకు గుర్తు రాలేదు. అందరూ నిలబడ్డారు. పియానో మోగింది. ఇన్నేళ్ళుగా గుమ్మంలో నోరు బిగించుకుని విన్న పాట. ఆమె గుండెనిండా గాలి పీల్చుకుని గొంతెత్తింది.

"యాష్‌బీ, యాష్‌బీ, నీ నీడలో..."

ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. వెర్డెల్ గొంతు అక్కడే ఆగిపోయింది. పక్కనుంచి ఓనీటా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఊరుకోమనో, ఊరడించడానికో వెర్డెల్‌కి అర్థం కాలేదు. ఓనీటా ముఖం చూసే ధైర్యమూ చాల్లేదు.

రెండో చరణం మొదలైంది. వెర్డెల్ ఆ చెయ్యి వదలకుండా, మాటలు మానేసి, వరస ఒక్కటే కూనిరాగం తీసింది.