బెల్లం ముక్క, నా కడుపు

శీనన్నా, మంచిగున్నవా? జవాబు రాసుడు లేటైంది, కోపం జేయకు. బరువు తగ్గనీకి చేయించుకున్న పొట్ట ఆపరేషన్ సంది కడుపు నా మాట వింటలేదు. బరువు మొదట్ల మస్తు దిగింది, ఇప్పుడు దుకాణం కాంటా మీద నిలవడితే ముల్లు ఇంక కిందికి దిగుతలేదు.

ఇయ్యాల రుద్రూర్ రైతొకాయన నా దుకాణంల అమ్మనీకి బెల్లం తెచ్చిండు. రుచి చూడకుండ కొంటే మా బజార్ల రైతును చిన్నచూపు చూసినట్టే. జర ముక్క నోట్లేసుకున్న. అంతే, చెమటలు, గుండె దడ, కడుపుల మెలిక. బస్తాల మీద కూలవడ్డ. జనం జమైండ్రు.

రైతు మొఖం తెల్లవోయింది. "సేటూ, నువ్వే గిట్ల పడితే నా బెల్లం ఇంకెవలు ముట్టుకుంటరు?"

ఆపరేషన్ సంగతి బజార్ల ఎవలికి చెప్పలే. కానీ గా రైతు మొఖం చూసి అంగి పైకెత్తి కుట్ల మచ్చలు చూపించిన. "బెల్లం మంచిదే కాకా! నా పొట్టనే కోసి చిన్నగ జేసిండ్రు, తీపి పడ్తలేదు."

పక్క దుకాణమాయన ఊకుంటడా? "కోసినంక గూడ గింత పొట్టనా?" అన్నడు. అందరు నవ్విండ్రు, రైతు గూడ నవ్విండు. బెల్లం మొత్తం నేనే తీసుకున్న.

కానీ అన్నా, మనసు నిలుస్తలేదు. నాలుక మీద నడిచే దందా నాది. రేపు ఇంకో రైతు చేతిల ముక్క పెడితే ఏం జేయాలె? నీకైనా, నీతోని ఇది సదివే దోస్తులకైనా ఏమన్న తోస్తే చెప్పుండ్రి. మా బోధన్‌కు ఎప్పుడొస్తున్నవ్?