ప్రూఫు ఏ జాతి?

అచ్చుతప్పు కనబడితే మామగారికి ఒళ్ళు మండిపోతుంది. మాటవరసకు అంటున్నది కాదు, కోడలు కళ్ళారా చూసింది. ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత ముక్కు, ఆ తర్వాత జేబులోంచి ఎర్రసిరా పెన్ను బయటికొస్తుంది. ఒక పత్రికలో నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. ఉద్యోగం ఆయన్ని వదిలేసినా, ఆయన తప్పుల్ని వదల్లేదు. లిఫ్టులో ‘ఆరుగురు మాత్రమె’ అని ఉన్న బోర్డుకు దీర్ఘం తగిలించడానికి మూడుసార్లు పైకీ కిందికీ తిరిగారు. లిఫ్టు కదులుతుంటే చెయ్యి కుదరలేదట.

కిందటేడు హెర్నియా ఆపరేషన్‌కు తీసుకెళ్తే, సంతకం పెట్టమని ఇచ్చిన కాగితం మీద ‘శాస్త్ర చికిత్స’ అని ఉంది.

“శాస్త్రం ఇంటికెళ్ళి చదువుకుంటాను. ఇక్కడ నాకు కావలసింది శస్త్రం. కత్తి! దిద్దుకు రండి!” అని మంచం మీద పడుకునే కేకలేశారు. మత్తు డాక్టరు సూది పట్టుకుని అరగంట నిలబడింది.

అలాంటి మనిషి ఒక ఆదివారం కుక్కల ఆశ్రమం నుంచి ఒక కుక్కను వెంటబెట్టుకొచ్చారు. ఒళ్ళు పొడుగు, కాళ్ళు పొట్టి. ఒక చెవి నిలబడి ఉంది, రెండోది వాలిపోయింది. గడ్డం మేకది, తోక నక్కది. అడుగుల చప్పుడు వినబడితే చాలు, గోడకు ముఖం పెట్టి నిలబడిపోతుంది. రెండు ఇళ్ళవాళ్ళు తీసుకెళ్ళి, “ఇది మనిషి ముఖం చూడదేం?” అని సరిపోని చెప్పుల్లా వాపసిచ్చేశారట. ఆ మాట విన్నాక కోడలికి కూడా ఒళ్ళు మండింది. ఇప్పుడు ఉంచుకోవడమో తిప్పి పంపడమో తేల్చడానికి ఒక నెల గడువు. మూడోసారి తిరిగొచ్చిన కుక్కను ఆశ్రమం వాళ్ళు ఇంకెవరికీ ఇవ్వరు. బతికినన్నాళ్ళూ బోనులోనే.

ఆశ్రమం వాళ్ళ కాగితంలో జాతి అన్నచోట ‘మిశ్రమం’ అని రాసి ఉంది.

“ఏం మిశ్రమం? దగ్గుమందు సీసా మీద కూడా ఏమేం కలిపారో రాస్తారు కదమ్మా!”

“పోనీలెండి మామయ్యగారూ. కుక్క అని రాశారు, చాలదూ?”

“చాలదు!”

దానికి ప్రూఫు అని పేరు పెట్టారు. ఇంకా అచ్చుకెళ్ళలేదని అర్థమట. మర్నాడు దాని మెడలో ఒక అట్టముక్క వేలాడింది. ఎర్రసిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో ‘జర్మన్ షెపర్డ్’ అని ఉంది. చూస్తే కుక్క మోకాలెత్తు కూడా లేదు. ముసలితనంలో ఈయనకేం పట్టిందని కోడలికి తల కొట్టేసినట్టయింది.

ఆయన మాత్రం ప్రూఫును కింద మెట్ల పక్కన కట్టేసి, కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ కూర్చున్నారు. మొదట చిక్కింది మొదటి అంతస్తు ప్లంబరు.

“ఇది షెపర్డేంటి పెద్దాయనా? కాళ్ళు చూడండి!”

“అక్కడ నిలబడితే నీకేం కనబడుతుంది? వంగి చూసి మాట్లాడు!”

ప్లంబరు పనిముట్ల సంచీ కింద పెట్టి, వంగి, ఒక్కో కాలూ ఎత్తి చూసి, ఇవి పొట్టికాళ్ళ జాతి డాష్‌హండ్ కాళ్ళని తేల్చాడు. నీ ముఖం అన్నారు మామగారు. పావుగంట అరుచుకున్నారు.

రెండోవారం అట్టముక్క మీద ‘డాల్మేషియన్’ అని పడింది. డ్యూటీకి వెళ్తున్న మూడో అంతస్తు నర్సు టక్కున ఆగింది.

“చుక్కలేవండీ?”

“స్నానం చేయిస్తే పోయాయి.”

“చుక్కలు పోయాయా, మీకు మతి పోయిందా?”

“బొచ్చు పక్కకి తీసి చూడమ్మా, లోపలుంటాయి! చూడకుండా మాట్లాడేవాళ్ళంటే నాకు మంట!”

నర్సు తన బ్యాగు ఆయన ఒళ్ళో పడేసి, మెడ దగ్గర్నుంచి తోకదాకా పాయలు పాయలుగా తీసి చూసింది. చుక్క ఒక్కటీ లేదు గానీ పిడుదులు రెండు దొరికాయి. పీకేసింది. ఈలోగా ఆవిడ బస్సు వెళ్ళిపోయింది. ఆ కోపమూ మామగారి మీదే చూపించింది.

మూడోవారం ‘గ్రేహౌండ్’.

“మరి పరిగెత్తదేం?” అన్నాడు ప్లంబరు.

“ఎందుకు పరిగెత్తాలి? దానికేమైనా ఆఫీసుకు టైమైపోతోందా?”

కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. పగలంతా అక్కడ తిట్లు తిని ఇంటికొస్తే, మెట్ల దగ్గర మళ్ళీ అందరూ ఆమె మీదే పడేవారు. మీ మామగారికి చెప్పుకోండి అని ఒకరు, డాక్టరుకు చూపించండి అని ఇంకొకరు.

గడువు నాలుగు రోజులుందనగా భవన కార్యదర్శి నోటీసు అంటించాడు. ‘మెట్ల పక్కన ఉంచిన జాతి తెలియని కుక్కను ఆశ్రమానికి తిరిగి పంపుటకు ఆదివారం సమావేశంలో సంతకాలు సేకరించబడును.’ తప్పు ఒక్కటీ లేదు. మామగారు రెండుసార్లు చదివి పెన్నుకు మూత పెట్టేశారు. అది చూసి కోడలికి భయం వేసింది. ఆ భయం కోపమై బయటికొచ్చింది.

“అందరితోనూ తగువు పెట్టుకున్నారు కదా, ఇప్పుడు దాని తరఫున మాట్లాడేదెవరు? దాన్ని బోనులో పెడితే ఆ పాపం మీదే!”

“ఎవరూ మాట్లాడరు,” అన్నారు మామగారు. “అరుస్తారు.”

సమావేశంలో కార్యదర్శి కాగితం తీసి చదవసాగాడు. ‘జాతి తెలియని’ దాకా వచ్చాడో లేదో, ప్లంబరు ఒంటికాలి మీద లేచాడు.

“తెలియకపోవడమేంటండీ? డాష్‌హండ్ అని మూడు వారాల్నుంచి మొత్తుకుంటున్నానా, లేదా?”

“డాష్‌హండ్‌కి ఈ గడ్డం ఎక్కడిది? ఇది టెర్రియర్!” అంది నర్సు. “దీని ఒంటిమీద వెంట్రుక వెంట్రుక చూసినదాన్ని!”

“ఏ జాతీ కాదు. ఇది వీధికుక్క!” అన్నాడు కార్యదర్శి.

అంతే, ఇద్దరూ కలిసి అతని మీద విరుచుకుపడ్డారు.

“లిఫ్టు దిగి అటునుంచి అటే పోతారు, మీరెప్పుడు చూశారు దీన్ని?”

“చూడకుండా సంతకాలేంటి? దీన్ని పంపించడానికి మీరెవరు?”

ప్రూఫును ఎత్తి బల్లమీద నిలబెట్టారు. ప్లంబరు కాలు పట్టుకున్నాడు, నర్సు గడ్డం పట్టుకుంది, ఎవరో తోక కొలుస్తున్నారు. గది నిండా అరుపులు, అడుగుల చప్పుడు. ప్రూఫు గోడవైపు తిరగలేదు. ఎవరు అరిస్తే వాళ్ళ ముఖంలోకి చూస్తోంది. చివరికి, జాతి తేలేదాకా కుక్కను కదపరాదని తీర్మానమైంది.

మెట్లెక్కుతూ ఆమె నిలదీసింది. “తెలిసే తప్పు రాశారు కదూ?”

“ఒప్పు రాస్తే ఎవడు చూస్తాడు?” మామగారి చెవులింకా ఎర్రగానే ఉన్నాయి. “నలభై ఏళ్ళు తప్పుల్లేని పేజీలు పంపాను, ఒక్కడూ ఉత్తరం రాయలేదు. ఒక్కరోజు ‘ముఖ్య అతిథి’ కాస్తా ‘మూర్ఖ అతిథి’ అయ్యాడు, నూట ఇరవై ఉత్తరాలొచ్చాయి! జాలిపడేవాడు దూరం నుంచే అయ్యో అని పోతాడమ్మా. తప్పు పట్టేవాడు వంగుతాడు, ముట్టుకుంటాడు, రేపు మళ్ళీ వస్తాడు. ఆ తప్పులు రాయడానికి నా చెయ్యెంత వణికిందో నీకేం తెలుసు!”

మర్నాడు పొద్దున్న వాళ్ళు కిందికి దిగేసరికి కార్యదర్శి మెట్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ప్రూఫు నోరు తెరిచి పళ్ళు చూస్తున్నాడు. కళ్ళజోడు నిండా దాని ఉమ్మి. “వీధికుక్కే! రుజువు చెయ్యకపోతే చూడు!” అని దానితోనే చెబుతున్నాడు. అది తోక ఆడిస్తోంది.

కోడలు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మామయ్యగారూ, ఆయన చెప్పిందే నిజమేమో కదా?”

“నూటికి నూరుపాళ్ళు,” అన్నారు మామగారు గొంతు తగ్గించి. “ఆ మాట ఆయనతో అన్నావంటే ఊరుకోను. రేపు మళ్ళీ రావద్దూ?”