వెనక్కి తిరగని ప్రేక్షకుడు

నాకొక జబ్బు ఉంది. టీవీ ముందు ఎవరూ లేకపోయినా తెర మీది బొమ్మను పైకి చెబుతాను. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వస్తాను, కన్ను అటు పడుతుంది, "ఆకుపచ్చ చీర, సన్నంచు, సోఫాలో కూర్చోని ఏడుస్తాండాది" అనేస్తాను. మొదట్లో మా ఆయన "ఎవురికి చెప్తాండావే?" అని నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడు, లేచి వచ్చి టీవీ కట్టేస్తాడు. నాకు ఒళ్లు మండుతుంది. ఎవరో వింటుండగా మధ్యలో ఆపేసినట్టు ఉంటుంది.

వినేవాడు మా నాయన. ఆయన పోయి ఐదేళ్లయింది.

నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మా ఇల్లు పొడుగాటి ఒకే గది. ముందు సగం మగ్గానిది, వెనక సగం మాది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే ఆయన ముఖం వీధి వైపు, వీపు మా వైపు ఉండేది. టీవీ మా వైపు గూట్లో పెట్టాం. ముందు పెట్టడానికి చోటు లేదు, ఉన్నా ఆయన పెట్టనిచ్చేవాడు కాదు. కన్ను పక్కకు పోతే పోగు తప్పుతుంది, పోగు తప్పితే ఆ పూట పనంతా విప్పుకోవాలి. మా వీధిలో చాలా ఇళ్లలో ఇదే ఏర్పాటు. అక్కడి మగవాళ్లు ఏళ్ల తరబడి సీరియళ్లను చెవులతోనే చూశారు. ఏ నటి ముఖం ఎలా ఉంటుందో వాళ్లకు తెలియదు కానీ, దగ్గితే గుర్తుపట్టేవాళ్లు.

అయితే గొంతులో అంతా దొరకదు. కొన్నిసార్లు సంగీతం ధనధనా మోగుతుంది, ఎవరూ మాట్లాడరు. అప్పుడేం జరుగుతోందో చెప్పడానికి నేను ఉన్నాను. బడి నుంచి రాగానే సంచీ పడేసి గూటి ముందు కూర్చునేదాన్ని.

"ఏమాయ పాపా?"

"తలుపు సందులోంచి చూస్తాండాది నాయనా."

"ఎవురు?"

"అత్త."

"ఏం చీర కట్టుకోనుండాది?"

ఆయనకు అసలు సంగతి అదే. కథ ఏ గంగలో కలిసినా బాధ లేదు, చీర మాత్రం కావాలి. రంగు, అంచు, బుట్టాలు, జరీ వెడల్పు. నేను చెబుతుంటే, పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలో ఆగిపోయేది. ప్రకటనలు రాగానే పోయిన సమయమంతా రాబట్టుకోవాలన్నట్టు మగ్గం దడదడలాడేది. ఆ చప్పుడు పెరిగిందంటే సబ్బు ప్రకటన వచ్చిందని వీధిలో పోయేవాళ్లకు కూడా తెలిసేది.

సాయంత్రం ఆరింటికి మా ఊరి ఛానల్ మొదలయ్యేది. పెద్ద ఛానళ్లన్నీ కలిపినా నాకు దానంత ఇష్టం కాదు. కేబుల్ ఆఫీసు వెనక గదిలో నీలం తెర కట్టి ఒకమ్మాయి కూర్చునేది, ఫోన్ చేసినవాళ్లకు పాట వేసేది. "టీవీ సౌండ్ తగ్గించండమ్మా, మీ గొంతు మీకే వినపడతాంది" అని ప్రతి ఒక్కరికీ చెప్పేది. తర్వాత ఏం కూర చేశారని అడిగేది. కింద అక్షరాలు పరుగెత్తేవి, ఏ వీధికి ఎప్పుడు నీళ్లు వదులుతారో, ఎవరింట్లో పుట్టినరోజో, ఎవరు పోయారో. పుట్టినరోజు ఫొటోకూ పోయినవాళ్ల ఫొటోకూ ఒకే పూల చట్రం వాడేవాళ్లు. చదివేదాకా ఏది ఏదో తెలిసేది కాదు. నేను చదివి చెబితే నాయన ఒకరికి "బాగుండల్ల", ఇంకొకరికి "అయ్యో పాపం" అనేవాడు, తల తిప్పకుండానే.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక పాడుపని చేశాను. రోజూ అదే చీర, అదే ఏడుపు, చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఆయన్ని సంతోషపెడదామనే అనుకున్నానో, నాకే ఆటగా తోచిందో, సీరియల్లో పెద్దకోడలు మన ధర్మవరం చీరే కట్టుకుందని చెప్పాను. వంకాయరంగు, చిలకల అంచు అన్నాను. నాయన నెల కింద నేసి ఇచ్చిన చీర అచ్చం అదే. ఆయన నాడె కింద పెట్టేశాడు. "మనదేనేమో పాపా?" అన్నాడు. "మనదే నాయనా" అన్నాను. అప్పుడైనా ఆయన వెనక్కి తిరిగి ఉంటే తెర మీద చుడీదార్ వేసుకున్న పిల్ల కనిపించేది. తిరగలేదు. నేను చెప్పాక మళ్లీ చూడాల్సిన పని ఉందని ఆయనకు తోచలేదు.

మరునాడు ఆ మాట తీసుకుపోయి చీరలు నేయించే షావుకారు దగ్గర చెప్పాడు. షావుకారింట్లో ఆడవాళ్లు అదే సీరియల్ చూసేవాళ్లు. అంగట్లో నలుగురి ముందు ఎంత నవ్వారో నేను చూడలేదు, ఊహించుకోగలను. ఇంటికొచ్చి నాయన కోప్పడలేదు. "ఏం పాపా, చిలకలుండాయంటివే! ఆడ చీరే లేదంట గదా" అని ఆయనే నవ్వాడు. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. నవ్వేసరికి నాకు తలకొట్టేసినట్టయింది. తప్పు నాది, కోపమూ నాదే. "ఇంగ నేను చెప్పను, నువ్వే తిరిగి చూసుకో" అన్నాను.

అన్నమాట నిలబెట్టుకున్నాను. ఇలాంటి మాటలు నిలబెట్టుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు. మొదట్లో ఆయన అలవాటుగా "ఏమాయ పాపా?" అనేవాడు. నేను పుస్తకంలో తల పెట్టుకునేదాన్ని. కొన్నాళ్లకు అడగడం మానేశాడు. టీవీ మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగుతూనే ఉండేది. చప్పుడుకు చదువు సాగడం లేదని అమ్మతో గొడవపడ్డాను. నాయనకు టీవీ పిచ్చి పట్టిందని నా స్నేహితురాళ్లకు చెప్పాను.

ఇంటర్ మొదటి ఏడాదిలో ఊరి ఛానల్ వాళ్లు మా ఇంటికి వచ్చారు. నేతగాళ్ల మీద ఏదో కార్యక్రమం. పాటలు వేసే అమ్మాయే ప్రశ్నలు అడిగింది. వారం తర్వాత వేశారు, మూడు నిమిషాలు. అందులో సగం ఆ అమ్మాయి మాటలు, వెనక ఏడుపు వేణువు. నాయన గొంతు "మా తాత కాలం నుంచి నేస్తాండాము" అని ఒక్క ముక్క వినిపించింది. వీధంతా మా ఇంటి ముందు చేరింది. నాయన గుంతలోనే ఉన్నాడు.

తర్వాత నేను డిగ్రీ చదివాను, పెళ్లయి హిందూపురం వచ్చాను, ఒక ప్రైవేటు బడిలో టీచర్‌గా చేరాను. నాయన పాత బటన్ల ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇచ్చేవాడు, నేను చేసేదాన్ని. మా ఇద్దరి మధ్య ఏ గొడవా లేదు. నేను మంచి కూతుర్నే అనుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆయన మగ్గం మీదే ఒరిగిపోయాడు.

పోయాక తెలిసింది, ఆయన గొంతు మా దగ్గర లేదని. ఫొటోలున్నాయి, పెళ్లి వీడియోలో అక్షింతలు వేస్తూ ఉన్నాడు, దాని మీదంతా సినిమా పాటలే. మొదటి ఏడాది ఆయన మాట చెవిలో స్పష్టంగా ఉండేది. రెండో ఏడాదికి మసకబారింది. మూడో ఏడాది ఒకరోజు గుర్తు చేసుకోబోతే నా గొంతే వినిపించింది, ఆయన మాటలను నేను పలుకుతున్నట్టు. ఆ రోజు భయపడ్డాను. తెర మీది బొమ్మలు చెప్పే ఈ జబ్బు అప్పుడే మొదలైంది. చెబితే బదులుగా ఏదైనా వినిపిస్తుందేమోనని కావచ్చు.

ఆ మూడు నిమిషాలు దొరికినా చాలని వెతకడం మొదలుపెట్టాను. ధర్మవరంలో కేబుల్ ఆఫీసు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అప్పట్లో కెమెరా పట్టుకున్నాయన పెనుకొండలో బస్టాండు దగ్గర స్టూడియో పెట్టాడని అక్కడ చెప్పారు. పోయాను. కొండ మీద కోట గోడ ఆయన స్టూడియో గుమ్మంలోంచే కనిపిస్తుంది. పెళ్లికూతుళ్లను అక్కడ నిలబెట్టి తీస్తున్నాడు. నేను చెప్పిందంతా విని తల గోక్కున్నాడు.

"క్యాసెట్లు కొనే కత యాడుండెమ్మా? ఒక్కోదాని మింద ఆరేడు తూర్లు తీస్తాంటిమి. మీ నాయన మింద ఎవురి పెండ్లి ఎక్కిందో."

ఆయన మామూలుగానే అన్నాడు. నా ముఖం చూసి జాలిపడ్డాడేమో, స్టూల్ జరిపి మంచినీళ్లు ఇచ్చాడు. "పాటల పాప కాడ కొన్ని ఉండల్ల. ఆయమ్మ తాను కనపడేటివి దాసిపెట్టుకుంటాండె. మీ హిందూపురంలోనే ఉండాది, కోర్టు కాడ జిరాక్స్ అంగడి" అన్నాడు.

ఆ అంగట్లో నేను ఎన్నోసార్లు ప్రశ్నపత్రాలు కాపీ తీయించాను. ఎదురుగా నిలబడి చిల్లర తీసుకున్నాను. ముఖం మారిపోయింది, ఒళ్లు చేసింది, నేను గుర్తుపట్టలేదు. ఈసారి లోపలికి పోతుండగా ఎవరితోనో ఫోన్లో "సౌండ్ తగ్గించండమ్మా" అంటోంది. నాయనైతే మొదటిరోజే గుర్తుపట్టేవాడు.

సంగతి చెప్పాను. ఆమె మరో మాట లేకుండా పాత కంప్యూటర్ తెరిచింది. క్యాసెట్లన్నీ ఎప్పుడో అందులోకి ఎక్కించుకుందట. "సుమ్నె, ఊరికే అట్ల కూర్చో పాపా, ఎతకతా" అంది. అరగంట వెతికింది. దొరికింది మూడు నిమిషాలది కాదు. కోయకముందుది, పదకొండు నిమిషాలది. అంగట్లోనే ఒక స్టూల్ మీద కూర్చుని చూశాను.

నాయన ఉన్నాడు. మాట్లాడే ముందు గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు నేను పూర్తిగా మరిచిపోయాను, వినగానే ఏడుపు ఆగలేదు. పాటలామె నా వీపు మీద చెయ్యి వేసింది. పట్టు నూలు గురించి చెప్పాడు, కంటి చూపు గురించి చెప్పాడు. నేను అనుకున్నదానికంటే సన్నటి గొంతు. నా చెవిలో ఇన్నాళ్లూ దాచుకున్నది ఎవరిదో మరి.

తర్వాత ఆ అమ్మాయి, అంటే నా పక్కన కూర్చున్నామె, తెరలో నవ్వుతూ అడిగింది: "టీవీ వెనకాల పెట్టుకోనుండారు, మీకు కనపడదు గదా? ఇంత సౌండ్ పెట్టుకోని ఏం ఇంటారు?"

"టీవీ నేనేం ఇంటానమ్మా" అన్నాడు నాయన. "మా పాప బొమ్మలు చెప్తాండె. అది ఇనేకి పెట్టుకుంటాంటి. ఇప్పుడు చెప్పదు. అలిగింది. ఎప్పుడన్నా మళ్లా చెప్తాదేమోనని ఆపకుండా పెట్టుకోనుండా."

నవ్వుతూనే చెప్పాడు. ఆమె కూడా నవ్వి, నెలకు ఎన్ని చీరలు నేస్తారని ఇంకో ప్రశ్నకు పోయింది. నేతకు సంబంధం లేని ఇంటి ఊసని ఆ ముక్క కోసేశారు కాబోలు. ఆనాడు వేసి ఉంటే నేను వినేదాన్ని కదా, విని ఉంటే చెప్పేదాన్ని కదా అనుకున్నాను. ఆ అనుకోవడంలో కొంచెం ఊరట కూడా దొరికింది. కళ్లు తుడుచుకుని, ఆ ముక్క మళ్లీ వేయమన్నాను.

రెండోసారి నాయన ముఖం కాకుండా చుట్టూ చూశాను. ఆయన భుజం వెనక, గూటి పక్కన, పుస్తకం పట్టుకుని పరికిణీలో ఒక పిల్ల నిలబడి ఉంది. ఆయనకు నాలుగు మూరల దూరం కూడా లేదు. మగ్గం ఆగి ఉంది, కెమెరా కోసం టీవీ సౌండ్ తగ్గించి ఉంది. "మళ్లా చెప్తాదేమో" అని ఆయన అంటుండగా ఆ పిల్ల తలెత్తి ఆయన వీపు వైపు చూసింది. చూసి, లోపలికి వెళ్లిపోయింది.

నాకు అది గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. కానీ విన్నాను.