గుండ్లకు పట్టిన గొడుగు

ఆ రోజుల్లో ఫోటో స్టూడియో పెట్టాలంటే ఒక కెమెరా, రెండు ఫ్లాష్ లైట్లు, వెనకాల కట్టడానికి ఒక బూడిదరంగు తెర ఉంటే చాలనీ, మిగతాదంతా నా ప్రతిభ చూసుకుంటుందనీ గట్టిగా నమ్మేదాన్ని. చిత్తూరులో కిరాణా అంగడి నడిపే మా నాయనను నెలల తరబడి బతిమాలి, తిరుపతి బస్టాండుకు దగ్గర్లో మేడమీద ఒక చిన్న గది అద్దెకు తీసుకున్నాను. మెట్లు ఎంత ఇరుకంటే, ఎదురుగా ఎవరైనా దిగుతుంటే ఒకరు వెనక్కి తిరిగి పోవాల్సిందే. అయినా సరే, పెళ్ళికూతుళ్ళు పట్టుచీరల్లో ఆ మెట్లెక్కి వస్తారనీ, వాళ్ళ జడలమీద, ముక్కుపుడకల మీద నా వెలుగు నాజూకుగా వాలుతుందనీ కలలు కన్నాను. వచ్చినవాళ్ళకు మాత్రం జడలే కాదు, వెంట్రుకలే లేవు. కొండమీద తలనీలాలిచ్చి, తలకు చందనం రాసుకుని, ఊరికి బస్సెక్కే ముందు జ్ఞాపకంగా ఒక ఫోటో కావాలని వచ్చేవాళ్ళే నా గిరాకీ అంతా. (తిరుపతిలో స్టూడియో పెట్టి ఈ సంగతి ముందుగా ఊహించలేకపోయానంటే నా తెలివి మీకు అర్థమయ్యే ఉంటుంది.)

కొండమీద బ్రహ్మోత్సవాలు జరిగే పెరటాసి నెలలో ఒక రోజు పొద్దున పూతలపట్టు దగ్గరి పల్లె నుంచి ఒక అవ్వ, ఆమె నలుగురు కొడుకులు వచ్చారు. అయిదుగురివీ నున్నటి గుండ్లు. అవ్వ కుర్చీలో, చిన్న కొడుకులిద్దరూ ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నారు. పెద్ద కొడుకు తెరకు ఈ చివర, రెండోవాడు ఆ చివర నిలబడ్డారు. ఇద్దరి మధ్యలో ఒక ఎద్దులబండి పోయేంత సందు. "కొంచెం దగ్గరికి రండన్నా" అంటే ఇద్దరూ వినబడనట్టు గోడలవైపు చూశారు. అవ్వ నన్ను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పింది: "పెద్దోళ్ళిద్దరికీ చేని గట్టు తగాదా పాపా. మాటల్లేవు. స్వామికి మొక్కుండాది కాబట్టి ఒక తావుకొచ్చినారు. మళ్ళీ ఎప్పుడొస్తారో, నేనుంటానో లేదో. ఫోటో బాగా తీయి."

తీశాను. నా లైట్లతోపాటు వచ్చిన తెల్లగుడ్డ పెట్టెలు, సాఫ్ట్‌బాక్స్ అంటారే, అవి రెండూ చెరొక మూరకు మించవు. వాటినే తొడిగి, చాలా గంభీరంగా ముఖం పెట్టి తీశాను. కెమెరా వెనకాల చిన్న తెరమీద బాగానే కనిపించింది. కంప్యూటర్లో పెద్దది చేసి చూపేసరికి మాత్రం నా బండారం బయటపడింది. ప్రతి గుండు మీదా రెండు తెల్లటి చతురస్రాలు భగ్గుమని మెరుస్తున్నాయి. అవ్వ కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. "ఇదేంది పాపా, మా వాళ్ళ గుండ్లకు కిటికీలు పెట్టినావు?" అంది. నలుగురు కొడుకులూ ఎవరి గుండును వాళ్ళు తడుముకున్నారు.

నేను ఏడుపు ఆపుకుంటూ నిలబడితే అవ్వే దారి చూపింది. "ఎల్లుండి మా చిన్నోడు పూనా రైలెక్కాల. అందరం సాగనంపేదానికొస్తాం. అప్పుడు మళ్ళీ తీయి. ఈలోపల కిటికీలు మూసేసుకో" అంది. పోతూ పోతూ తన తలను చేత్తో నిమురుకుని, "ఇంకా ఆలస్యమైతే ఆకురాయి మాదిరి మొలిచేస్తాయి, అప్పుడది మొక్కు ఫోటో గాదు" అని హెచ్చరించింది.

పుస్తకాల్లో చదివిన ముక్క అప్పుడు తలకెక్కింది. వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దదిగా, మనిషికి ఎంత దగ్గరగా ఉంటే నీడ అంత మెత్తగా ఉంటుంది. నున్నటి వాటిమీద మెరుపు కూడా ఒకచోట గడ్డకట్టకుండా పలచగా పరుచుకుంటుంది. అంటే నాకు కావాల్సింది లైటుకు చాలా పెద్ద తొడుగు. అది దొరికేది మద్రాసులో. నాయనకు ఫోన్ చేస్తే, "ఒక్కదానివే అంత పెద్దది ఎట్ల మోసకొస్తావు, నేనూ వస్తా ఉండు" అని మరుసటి రోజు అంగడికి తాళం వేసి మరీ వచ్చాడు. (దారి పొడుగునా "మా పెండ్లి ఫోటో ఒక్క బల్బుతో తీసినారు, ఈ పొద్దుకీ చెక్కు చెదరలేదు" అని చెబుతూనే ఉన్నాడు.)

మద్రాసులో కెమెరా సామాన్ల అంగడాయన ఒత్తయిన క్రాపున్న తమిళుడు, తెలుగు బాగానే వచ్చు. మొదట ఎనిమిది పలకల పెద్ద పెట్టె తీసి నేలమీద పరిచాడు. దానికి చుట్టూ ఊచలు బిగించాలి. నాయన ఉత్సాహంగా ఒక ఊచను వంచి గుంటలో పెడుతుండగా రెండోది ఎగిరి అంగడాయన చేతిలో కాఫీ గ్లాసును తన్నింది. తుడుచుకుని, అందరం కలిసి ఎట్లాగో బిగించాక, నాయన దాన్ని పైకి కిందికి చూసి, "అమ్మే, ఇది మన మెట్ల మీద పోదు. గోడ పగలగొట్టి పెట్టుకుంటావా?" అన్నాడు. ఆ అంగడి గుమ్మంలోనుంచే అది బయటికి రాలేదు. మళ్ళీ ఊచలన్నీ పీకాం.

తర్వాత ఒక పెద్ద తెల్ల గొడుగు తెచ్చాడు. విప్పితే మా ఇంటిల్లిపాదీ దానికింద కూర్చుని అన్నం తినొచ్చు, ముడిస్తే గడకర్రంత. లైటు గొడుగు లోపలికి కొడితే వెలుగు తిరిగి మనిషి మీదికి వస్తుంది. బాగానే ఉంది, కానీ గుండు మీద ఎట్లా ఉంటుంది? పరీక్షించడానికి అంగడిలో ఉన్న బొమ్మకు విగ్గు పెట్టి ఉంది, అంగడాయనకు క్రాపు ఉంది. నా చూపు మెల్లగా నాయన తలగుడ్డ మీదికి పోయింది.

నాయనకు నడివయసులోనే బట్టతల వచ్చింది. అది ఆయనకు పెద్ద రహస్యం. ఆయన నిద్రపోయేటప్పుడు తప్ప తలగుడ్డ తీయగా నేనెప్పుడూ చూడలేదు.

"ఏంది అట్ల సూస్తాండావు?" అన్నాడు.

"ఏం లేదు నాయనా."

"ఏం లేదంటే ఏందో ఉండాదని. సెప్పు."

చెప్పాను. నాయన అంగడాయనను చూశాడు, గుమ్మం వైపు చూశాడు, నన్ను చూశాడు. తర్వాత తలగుడ్డ విప్పి, మడిచి ఒళ్ళో పెట్టుకుని, బడిలో మొదటిరోజు పిల్లాడిలా స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. గొడుగును ఊరికే పెట్టి తీస్తే దాని ఊచలన్నీ తలమీద సాలెగూడులా కనిపించాయి. ముందర తెల్లటి పలచని గుడ్డ కప్పి, బాగా దగ్గరికి జరిపి తీస్తే మాయమయ్యాయి. తలంతా ఒకే మెత్తటి కాంతి. అంగడాయన కెమెరా తెరను చూసి "సార్, సూపరా ఇరుక్కు! చాలా బాగుంది!" అన్నాడు. నాయన వంగి తన ఫోటోను తదేకంగా చూసుకున్నాడు. "అంత బట్టగా ఏం లేదే" అని, ఆ తలగుడ్డను తిరిగి కట్టుకోవడం మరిచిపోయి, భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

గొడుగును కొన్నాం కానీ, దాని అట్టపెట్టె బస్సులో పట్టలేదు. పెట్టె అక్కడే వదిలేసి, తెల్లటి గుడ్డ సంచిలో ఉన్న గొడుగును మా ఇద్దరి మధ్య నిలబెట్టి పట్టుకున్నాం. పుత్తూరు దాటాక ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి, "ఏందప్పా అది?" అని అడిగాడు. "గొడుగు" అన్నాడు నాయన. "యాడ నుంచి యాడికి?" "మద్రాసు నుంచి తిరుపతికి." అంతే, పెద్దాయన చటుక్కున లేచి నిలబడి దండం పెట్టాడు. బ్రహ్మోత్సవాల కాలం కదా, మద్రాసు నుంచి స్వామికి గొడుగులు వచ్చే రోజులు. పక్క సీటామె సంచిలోంచి మల్లెపూల దండ తీసి గొడుగుకు చుట్టింది. వెనకాలవాళ్ళు సీట్లమీదుగా చేతులు చాచి తాకి కళ్ళకద్దుకున్నారు.

నాయన కంగారుపడ్డాడు. "ఇది ఫోటోలకప్పా!"

"స్వామి ఫోటోలకా?"

"కాదప్పా, గుండ్లకు!"

"గుండ్లు ఎవురికిస్తారు? స్వామికే గదా!"

నాయన "అదీ నిజమే" అని నా చెవిలో గొణిగి, గొడుగును ఇంకాస్త నిటారుగా పట్టుకున్నాడు. రేణిగుంట దాకా గతుకు వచ్చినప్పుడల్లా బస్సులో సగంమంది ఆ గొడుగును పట్టుకున్నారు.

చెప్పిన రోజు అవ్వ కుటుంబం మెట్లెక్కి వచ్చేసరికి నా గదిలో సగం గొడుగే ఉంది. స్టాండు పడిపోకుండా నాయన తన అంగడి నుంచి తెప్పించిన కందిపప్పు మూటను దాని కాళ్ళమీద పెట్టి, అది చాలదన్నట్టు తానే పక్కన కూర్చుని పట్టుకున్నాడు. గొడుగు ఊగకుండా ఫ్యాను ఆపేశాం. లోపలికి రావాలంటే అందరూ గొడుగు కింద వంగి దూరాల్సిందే. "ఇదేంది పాపా, లోపల వాన పడతాదా?" అంది అవ్వ.

నిలబడే చోటు దగ్గర వచ్చింది చిక్కు. వెలుగు మెత్తగా ఉండాలంటే గొడుగు దగ్గరుండాలి; గొడుగు దగ్గరుంటే తెరముందు జాగా ఉండదు. పెద్దవాడు గోడకు అతుక్కుపోయినా, రెండోవాడికి మిగిలింది అన్న పక్కన భుజం పట్టేంత చోటే. ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

రెండోవాడు ఎటో చూస్తూ, "కొంచెం జరుగు" అన్నాడు.

"యాడికి జరిగేదిరా? ఈ పక్క గోడుండాది, ఆ పక్క గొడుగుండాది" అన్నాడు పెద్దవాడు. ఆ తర్వాత తమ్ముడి కాళ్ళవైపు చూసి, "గట్టుమీదైనా ఇంతకన్నా ఎక్కువ జాగా ఉండాది గదరా" అన్నాడు.

ముందు చిన్నవాడు కిసుక్కుమన్నాడు. తర్వాత మూడోవాడు. రెండోవాడు పెదవి కొరుక్కుని ఆపుకోబోయి, ఆపుకోలేక, చెమటతో తడిసిన గుండును అన్న భుజానికి ఆనించి నవ్వాడు. అవ్వ వెనక్కి తిరిగి కొడుకుల్ని చూడలేదు. చూడకుండానే కెమెరా వైపు చూస్తూ నోరారా నవ్వింది. నేను నొక్కాను.

కంప్యూటర్లో చూసి అవ్వ తీర్పు చెప్పింది: "ఇప్పుడు గుండు గుండు మాదిరుండాది." కొడుకులు పిలుస్తున్నా కంప్యూటరు ముందునుంచి లేవలేదు. రైలు టైమైందని చిన్నవాడు చేయి పట్టుకుని లేపాల్సి వచ్చింది. వాళ్ళు వెళ్ళాక నేను గొడుగు చుట్టూ గంతులు వేశాను. "మెల్లగా పాపా, పప్పు మూట చినుగుతాది" అని నాయన అరుస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు నా దగ్గర రకరకాల తొడుగులున్నాయి. ఏది ఎక్కడ పెట్టాలో చేతులకే తెలుసు, ఆలోచించనక్కర్లేదు. మొన్న పాత ఫోటోలు సర్దుతుంటే ఆ ఫోటో బయటపడింది. చూడగానే తప్పులు కనిపించాయి. తెర మీద ముడత ఉంది. చిన్నవాడి కళ్ళు సగం మూసుకున్నాయి. ఎడమవైపు నీడ కొంచెం బరువైంది. ఇప్పుడైతే లైటును ఇంకాస్త పక్కకు తిప్పేదాన్ని. అన్నీ లెక్కపెట్టుకుంటూ కాసేపు కూర్చున్నాను. ఈ తప్పుల్లో ఒక్కటి కూడా కనబడని, గొడుగు చుట్టూ గంతులేసిన ఆనాటి పిల్ల, ఇంత అందమైన ఫోటో లోకంలో ఇంకెవరూ తీసి ఉండరని ఆ రోజు మనసారా నమ్మింది. ఎంత నేర్చుకున్నా ఆ నమ్మకం నాకు మళ్ళీ దొరకలేదు. ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం అసూయగానూ ఉంటుంది.