మా ఆశ్రమంలో లేని సౌకర్యం

తెనాలిలో మేం నడిపిన వృద్ధాశ్రమంలో సౌకర్యాలకు లోటు లేదని కమిటీవాళ్లు ఎక్కడికెళ్లినా చెప్పేవారు. పంతొమ్మిది వందల అరవైల చివర్లో అలాంటి చోటు ఉండటమే ఒక వింత. పొద్దున్నే కాఫీ, కాగులో వేడినీళ్లు, రెండుపూటలా భోజనం, గురువారం డాక్టరు, ఆదివారం మంగలి, హాల్లో రేడియో. ఇవన్నీ నిజమే. కాగు కింద పుల్లలు ఎగదోసేదీ, కాఫీ కలిపేదీ, డాక్టరు వెళ్లాక మందులు మింగించేదీ నేనూ, ఒక వంటావిడా. ఆ సంగతి మాత్రం కమిటీవాళ్లు ఎక్కడా చెప్పినట్టు లేదు.

ఉన్నది పదిమంది దాకా. పదిమందికీ పది రకాల నీళ్లు కావాలి. ఒకరికి పొగలు కక్కాలి, ఇంకొకరికి గోరువెచ్చగా ఉండాలి. రిటైరైన మాస్టారొకరు కాఫీ గ్లాసు పట్టుకుని రోజూ వంటింటి గుమ్మంలో నిలబడేవారు.

"ఏంటమ్మాయ్ ఇది, కాఫీయేనా?"

"కాఫీయేనండి."

"నమ్మకంగా చెప్తున్నావా?"

ఆయనకు కాఫీ గురించి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. అందుకని గ్లాసులో ఇంకో చెంచా డికాక్షన్ పోసేదాన్ని. సాయంత్రమయ్యేసరికి నా నడుం నాది కాదనిపించేది. నలభై నిండకుండానే వాళ్లకంటే ముందు నాకే ఒక మంచం కావాలేమో అనుకునేదాన్ని.

ఆ ఇల్లు అద్దెది. యజమాని పక్కవీధిలోనే ఉండేవాడు. చెడ్డవాడేం కాదు, పెరట్లో కొబ్బరికాయలు మమ్మల్నే కోసుకోమనేవాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. ఇంట్లో ఎవరూ పోకూడదు.

"పోయిన నక్షత్రం మంచిది కాకపోతే ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాలండి. ఆ తర్వాత ఎవరు దిగుతారు చెప్పండి," అనేవాడు.

ముసలివాళ్లకు ఇల్లిచ్చి చావొద్దనడమేమిటని నాకు ఒళ్లు మండేది. కానీ ఆ షరతుకు తల ఊపిన మీదటే కమిటీ చేతికి తాళం వచ్చింది. అందుకే ఎవరికైనా ఒంట్లో బాగా తేడా చేస్తే బంధువులకు కబురు పెట్టేవాళ్లం. వాళ్లు వచ్చి రిక్షాలో తీసుకుపోయేవారు.

బాపట్ల మామ్మకు కబురు పెట్టడానికి ఎవరూ లేరు. సముద్రం ఒడ్డు మనిషి. ఓపికున్నన్నాళ్లూ చేపల గంప నెత్తిన పెట్టుకుని బాపట్ల వీధుల్లో తిరిగింది. భర్త పడవ మీద వెళ్లి తిరిగి రాలేదు. తోడుగా ఉన్న అక్క అద్దెగదిలో మంచాన పడితే, ఇంటివాళ్లు ప్రాణం పోకముందే బయటికి దించమన్నారట. వానలో, వీధి చూరు కింద, చాప మీద పోయింది ఆ అక్క. మామ్మ పక్కనే గొడుగు పట్టుకుని కూర్చుందట. మా దగ్గర ఆవిడ నీళ్లు చల్లారాయని గాని, పప్పు చప్పగా ఉందని గాని ఏనాడూ అనలేదు. వచ్చిన రోజు నుంచీ అడిగింది ఒక్కటే.

"నన్ను మాత్రం బయట పెట్టకమ్మా. కప్పు కింద పోనియ్యి."

"ఇప్పుడే ఎక్కడికి పోతావులే మామ్మా," అని దాటేసేదాన్ని.

ఒక వానాకాలం ఆవిడ మంచం మీంచి లేవలేకపోయింది. డాక్టరు చూసి, ఇంకెన్నో రోజులు లేవన్నాడు. ఆ మాట యజమాని చెవిన పడింది. మధ్యాహ్నానికల్లా ఆయనే రిక్షా తెచ్చి గేటు ముందు నిలబెట్టాడు.

"ఆస్పత్రికన్నా పంపండి, పెరట్లో పాకలోకన్నా మార్చండమ్మా. పాపిష్టివాణ్ననుకోకండి, నాకూ పిల్లలున్నారు," అన్నాడు.

నేను లోపలికి వెళ్లాను. మామ్మకు రిక్షా బెల్లు వినిపించినట్టుంది, మంచం పట్టె పట్టుకుని ఉంది. ఆ వేళ్లు విడదీస్తే విడిపోతాయి, వాటిలో అంత బలం లేదు. ఆ రోజు నేను చేసింది ధైర్యమని ఇప్పటికీ కొందరంటారు. ధైర్యం కాదు. పొద్దున్నుంచి నీళ్లు మోసి, పక్కబట్టలు ఉతికిన చేతులతో ఇంకొక మనిషిని ఎత్తి బయట పెట్టే ఓపిక నాకు మిగల్లేదు.

గేటు దగ్గరికొచ్చి, "ఆవిడ కదల్లేదండి. నేనూ కదిలించలేనండి," అన్నాను.

ఆయన రిక్షా పంపేసి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న నేను చెంచాతో గంజి పోస్తుంటే మామ్మ మింగడం ఆగిపోయింది. కోరుకున్నట్టే కప్పు కింద పోయింది. నాకు ఏడుపొచ్చి అక్కడే కూర్చుని ఏడ్చాను. వంటావిడ వచ్చి నా చేతిలోంచి గిన్నె తీసుకుంది.

నక్షత్రం చూపిస్తే మంచిది కాదన్నారు. యజమాని గొంతు పెంచలేదు. గేటు అవతలే నిలబడి ఖాళీ చెయ్యమన్నాడు. మాటిచ్చి తప్పింది మేమే కాబట్టి ఆయన్ని అనడానికి నాకు నోరు రాలేదు. సంగతి తెలిసి తెనాలిలో ఇంకెవరూ ఇల్లివ్వలేదు. చివరికి రేపల్లెలో ఒక పెంకుటిల్లు దొరికింది.

ట్రంకుపెట్టెలు, మరచెంబులు, చుట్టిన పరుపులు, కాగుతో సహా రేపల్లె పాసింజరు ఎక్కాం. నా మూలంగానే ఇంతమందికి నిలవనీడ లేకుండా పోయిందని ఎవరో ఒకరు అంటారని కాచుకుని కూర్చున్నాను. కొత్తింట్లో బావి ఎంత దూరమో తలుచుకుంటేనే నీరసం వచ్చింది. వేమూరు దాటాక మాస్టారు తన చోటు నుంచి లేచి, నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

"అమ్మాయ్, రేపల్లె ఇంట్లో నన్ను కూడా లోపలే ఉంచుతావుగా?"

చుట్టూ కూర్చున్న మావాళ్లంతా నావైపు తిరిగారు.

"ఉంచుతానండి మాస్టారూ," అన్నాను.

ఒకసారి చెబితే సరిపోలేదు. రేపల్లె చేరేలోపు ఆ మాట ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాల్సి వచ్చింది.