ముందు నా చెయ్యి

నాకు కోపం ఎక్కువని తార్నాకలో మా వీధి వీధంతటికీ తెలుసు. పాలలో నీళ్లు కలిపిన పాలవాడి మీద, సున్నం వేయించని ఇంటివాడి మీద, ఆఖరికి మా గేటు ముందు పడుకునే కుక్క మీద కూడా అరిచేవాణ్ణి. "ఈయన నోట్లోనే హైటెన్షన్ ఉంది, వేరే లైనెందుకు?" అని మా ఆవిడ పక్కింటివాళ్లతో అనేది. నవ్వితే నవ్వారు గానీ, నా ఉద్యోగంలో ఆ అరుపు లేకపోతే కుదరదు. పదకొండు వేల వోల్టుల దగ్గర మొహమాటపడితే మనిషి మిగలడు.

ఇది అరవయ్యో దశకం చివర్లో మాట. కోస్తా నుంచి వచ్చి ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాను. విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక పెద్ద హాలు వెనక పాత సబ్‌స్టేషన్ ఉండేది. అందులో నూనె కారుతున్న పాత స్విచ్చులు తీసేసి కొత్త స్విచ్‌గేర్ బిగించే పని మాకు వచ్చింది. స్విచ్‌గేర్ అంటే, బయటి లైను నుంచి వచ్చే పెద్ద కరెంటును ఆపడానికీ వదలడానికీ ఉండే ఇనుప పెట్టెలు. నిలువెత్తు బీరువాల్లా ఉంటాయి. లోపల మూడు రాగి కడ్డీలు. కరెంటంతా వాటి మీదే నడుస్తుంది. మేం చేతులు పెట్టాల్సింది కూడా వాటి మీదే.

నాకు పని నేర్పిన పెద్దాయన ఒక పద్ధతి పెట్టారు. అది ఏ పుస్తకంలోనూ లేదు. లైను చచ్చిందని ఎవరు చెబుతారో ముందు వాళ్ల చెయ్యే కడ్డీ మీద పడాలి. స్విచ్ కట్టేసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. పొడవాటి కర్రతో కడ్డీలను పరీక్షించాలి. తరవాత రాగి తీగల ఒక కొసను గోడ వెంట నేలలోకి దిగే ఎర్తింగ్ పట్టీకి క్లాంపుతో బిగించి, రెండో కొసలను మూడు కడ్డీలకూ తగిలించాలి. ఎక్కడినుంచైనా దొంగ కరెంటు వచ్చిందంటే అది మనిషిని వదిలి నేలలోకి పోతుంది. ఇదంతా అయ్యాక, చెప్పినవాడు తన చెయ్యి ఆనించాలి. అదీ చేతి వెనక వైపే. అరచెయ్యి ఆనిస్తే, కరెంటు ఉన్నప్పుడు వేళ్లు ముడుచుకుపోయి కడ్డీని పట్టేసుకుంటాయి. అప్పుడు దేవుడు కూడా విడిపించలేడు. అందుకే నా కింద పనిచేసేవాళ్లందరికీ ఒక్కటే మాట చెప్పేవాణ్ణి. ముందు నా చెయ్యి, తరవాతే మీది.

మా మేస్త్రి చెయ్యి కాలింది ఈ పద్ధతి లేని చోట. ఆయనది తెలంగాణలో ఒక పల్లె, క్రైస్తవ కుటుంబం. సీతాఫల్‌మండి స్టేషన్ దగ్గర ఉండేవారు. నాకంటే బాగా పెద్ద. అన్నం గిన్నె మూత తీశాక కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. ఆ ప్రార్థన ఎంత పొడుగంటే, ఆమెన్ అనేసరికి పక్కవాడు ఆయన గిన్నెలో మామిడికాయ ముక్క మాయం చేసేవాడు. ఆయన చూసి కూడా ఏమీ అనేవారు కాదు. అంతకుముందు వేరే ఊళ్లో, వేరే సూపర్‌వైజరు కింద పనిచేస్తుండగా, ఆ మహానుభావుడు బయట నిలబడి "బంద్ చేసిన, పెట్టు చెయ్యి" అన్నాడట. బంద్ చేసింది పక్క స్విచ్. మేస్త్రి కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిపోయింది. నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నారు.

చెయ్యి మానింది. వేళ్లు ఆడాయి. పానా పట్టగలిగారు, బోల్టు బిగించగలిగారు. రాగి కడ్డీ ముందుకు వస్తే మాత్రం ఆ చెయ్యి జానెడు దూరంలో ఆగిపోయేది. కొత్త ప్యానెళ్లు బిగించిన రోజున, వాటికింకా ఏ తీగా కలపకముందు, "కడ్డీ తుడవండి మేస్త్రీ" అన్నాను. గుడ్డ పట్టుకుని లోపలికి చాపారు. చెయ్యి ఆగింది. చొక్కా వీపు తడిసిపోయింది. "ఉత్త పెట్టె ఇది, నాకెరుకే సారూ. చేతికి ఎరుక లేదు" అన్నారు. వెనక హెల్పర్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. వాణ్ణి పానా పట్టుకుని లైబ్రరీ దాకా తరిమాను.

కాంట్రాక్టరు చెడ్డవాడు కాదు. "హైటెన్షన్ ఫిట్టరన్నాక ప్యానెల్లో చెయ్యి పెట్టాలి కదయ్యా. కేబుల్ కలిపే రోజున నేనే వచ్చి చూస్తాను. పెడితే సరే. లేదంటే గోడౌన్ దగ్గర కాపలా ఇద్దాం" అన్నాడు.

ఆ మాట సీతాఫల్‌మండికి ఎలా చేరిందో గానీ, ఒకరోజు పొద్దున్నే మేస్త్రి భార్య మా ఇంటి గేటు దగ్గర నిలబడి ఉంది. మా ఆవిడ లోపలికి పిలిచి కాఫీ ఇస్తే, గ్లాసు చేతిలో పట్టుకుందే గానీ తాగలేదు.

"సారూ, గాయన్ని కాపలాకు పెడతరంట గద. నిజమేనా?"

"ఇంకా ఏమీ అనుకోలేదమ్మా."

"పోరగాడప్పటి సంది పానా పట్టిన మనిషి. కట్టె పట్టుకొని గేటుకాడ కూసుంటడా? కూసోడు సారూ. మనిషి ఖరాబైతడు. రాత్రి నిద్రల చెయ్యి గుంజుకుంటడు, నాకు తెల్వదనుకుంటడు. మీరు జర చూడున్రి. గాయన మీ మాట ఇంటడు."

"ఈ పని అయ్యేలోగా ఆయన చెయ్యి కడ్డీ మీద పెట్టిస్తాను. నాదీ పూచీ" అన్నాను.

"పెడతడా సారూ?"

"పెడతాడమ్మా." ఎలా పెట్టిస్తానో నాకే తెలియదు.

ఈలోగా ఎర్తింగ్ పని ఆయనకే అప్పగించాను. తార్నాక చుట్టుపక్కల నేల గురించి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రెండు అడుగులు తవ్వితే బండ. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచేవి. బండలు లేని చోటు వెతికి గోతులు తవ్వించి, అడుగున లోహపు పలక దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి నీళ్లు పోశాం. తడి ఉంటేనే నేల కరెంటును తీసుకుంటుంది. పక్క హాస్టల్ వంటమనిషి రోజూ వచ్చి గోతిలోకి తొంగి చూసేవాడు.

"ఉప్పేసిన్రు, బొగ్గేసిన్రు. మాంసమేది సార్?" అన్నాడొకసారి.

"నువ్వు దిగు, అదీ అయిపోతుంది" అన్నాను. మేస్త్రి గట్టిగా నవ్వారు. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు. నేల పనిలో ఆ చెయ్యి ఎక్కడా ఆగలేదు. పట్టీని గోడకు బిగించి, మళ్లీ వెనక్కి వెళ్లి అన్ని బోల్టులూ మళ్లీ బిగించి, ఇంటికి బయల్దేరాక గుమ్మం దాకా వెళ్లి, తిరిగి వచ్చి ఇంకోసారి చూసుకునేవారు. హెల్పర్లు విసుక్కునేవారు. "బిగించనీయండిరా, మీ సొమ్మేం పోయింది?" అనేవాణ్ణి.

బయటి లైను కేబుల్ కలిపే రోజు దసరా వెళ్లిన నాలుగు రోజులకు వచ్చింది. ఊళ్లో ప్రతి యంత్రానికీ ఇంకా పసుపూ కుంకుమా ఉన్నాయి. పొద్దున్నే బయటి లైను కట్టించి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ అవతల, హాలుకు కరెంటు వెళ్లే బోర్డు గోడ బయట ఉంది. దానిలోని ఫ్యూజులు కూడా పీకి నా సంచిలో వేసుకుని, ఎవరూ ముట్టకూడదని బోర్డుకు ఎర్రగుడ్డ కట్టించాను. సాయంత్రం దాకా కరెంటు ఉండదని హాలు నౌకరుకు చెప్పాను. సరేనన్నాడు.

కాంట్రాక్టరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. హెల్పర్లంతా గోడకు ఆనుకున్నారు. నేను కర్రతో కడ్డీలను పరీక్షించాను. ఏమీ లేదు. మేస్త్రి ఎర్తింగ్ తీగల ఒక కొసను పట్టీకి క్లాంపుతో బిగించి, రెండో కొసలను మూడు కడ్డీలకూ తగిలించారు. అది కూడా పొడవాటి కర్రతోనే, చేత్తో కాదు. తరవాత కింద కూర్చుని, పట్టీ దగ్గర క్లాంపును ఇంకోసారి బిగించారు. బిగించి, లేచి, మళ్లీ కూర్చుని ఇంకో చుట్టు తిప్పారు. కాంట్రాక్టరు గడియారం చూసుకున్నాడు. నేను అతని వంక చూసిన చూపుకి చెయ్యి కిందికి దించాడు.

"ముందు నా చెయ్యి" అని లోపలికి వంగి, చేతి వెనక భాగం కడ్డీకి ఆనించాను. రాగి చల్లగా ఉంది. తరవాత చెయ్యి తిప్పి, అరచేత్తో పట్టుకున్నాను. భుజాల దాకా పెట్టె లోపలే ఉన్నాను.

"రండి మేస్త్రీ. నా చేతి పక్కనే మీ చెయ్యి. నేను వదలను" అన్నాను.

ఆయన లేవబోయిన చప్పుడు వినిపించింది. సరిగ్గా అప్పుడే గోడ అవతల ట్రాన్స్‌ఫార్మర్ మూలిగింది.

ఆ మూలుగు ఈ పనిలో ఉన్నవాళ్లకే అర్థమవుతుంది. కరెంటు లేని ట్రాన్స్‌ఫార్మర్ రాయితో సమానం. అది మూలగకూడదు. మూలిగిందంటే దానిలోకి కరెంటు వచ్చింది. దాని కేబుల్ నేను పట్టుకున్న కడ్డీలకే కలిసి ఉంది. నాకు చెయ్యి వెనక్కి తీసుకోవాలన్న సంగతి కూడా తోచలేదు. మా ఆవిడ మొహం ఒక్కటే కళ్ల ముందు కనిపించింది. బయట ఎక్కడో ఇంజను గొంతు పట్టుకుపోయినట్టు దగ్గి, దగ్గి, ఆగిపోయింది. మూలుగు కూడా ఆగింది. నాకేమీ కాలేదు. ఎర్తింగ్ ఉన్న కడ్డీ మీద ఉన్న నా చేతిలోకి చీమ కుట్టినంత కరెంటు కూడా రాలేదు.

జరిగింది తరవాత తెలిసింది. హాల్లో ఏదో సభ ఉంది. కరెంటు ఉండదని తెలిసి, షామియానా వాళ్లు జనరేటర్ తెచ్చుకున్నారు. ఆ కుర్చీలూ మైకులూ చూసుకునే మనిషి మా బోర్డు నుంచే హాలుకు దారి అని చూసి, ఫ్యూజులు లేనిచోట రాగి తీగ ముక్కలు బిగించి, జనరేటర్ తగిలించాడు. ఆ కరెంటు హాలుకూ వెళ్లింది, వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌లోకీ వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందూ వెనకా తెలియదు. అటు నుంచి ఇస్తే తగ్గిస్తుంది, ఇటు నుంచి ఇస్తే పదకొండు వేలకు పెంచుతుంది. ఆ కరెంటంతా ఎర్తింగ్ గుండా నేలలోకి పోయేసరికి, ఆ బరువు మోయలేక జనరేటర్ ఆగిపోయింది. ఎర్రగుడ్డ సంగతి ఏమిట్రా అని గల్లా పట్టుకుంటే, పాపం, ఏడుస్తూ చెప్పాడు.

"దసరా పూజకు కట్టిన్రనుకున్న సార్. కండ్లకద్దుకొని పక్కకు పెట్టిన. కరెంటే లేకపాయె, ఇగ మెయిన్ ఎందుకు బంద్ చెయ్యాలె అనుకున్న."

కొట్టడానికి ఎత్తిన చెయ్యి దిగిపోయింది. నా ఎర్రగుడ్డను అతను కళ్లకద్దుకున్నాడు. ఏమని కొట్టను?

కానీ అదంతా తరవాత. ఆ క్షణంలో నేను పెట్టెలోంచి వెనక్కి జరిగి బయటికి వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. కాంట్రాక్టరు వేపచెట్టు కింద ఉన్నాడు. హెల్పర్లు ఇంకా పరుగెత్తుతూనే ఉన్నారు. వాళ్లను తప్పు పట్టను. కాళ్లు ఉన్నది అందుకే.

మేస్త్రి మాత్రం ఉన్నారు. గోడ మూల నేల మీద ముందుకు వాలి కూర్చుని, మొహం గోడకు ఆనించి, ఎర్తింగ్ క్లాంపును రెండు చేతులతో పట్టీకి అదిమి పట్టుకుని ఉన్నారు. వచ్చిన కరెంటంతా నేలలోకి వెళ్లిన దారి అదే. బోల్టు గట్టిగానే ఉంది, ఆయన పట్టుకోనక్కర్లేదు. నిజానికి అలాంటప్పుడు ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. అది నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

"మేస్త్రీ, వదలండి. అయిపోయింది."

ఆయన కదల్లేదు. "సారూ, మీరు బయటికొచ్చిన్రా?"

"వచ్చాను."

"మొత్తం వచ్చిన్రా? చెయ్యి గూడ?"

"చెయ్యి కూడా వచ్చింది. ఇటు చూడండి."

తల తిప్పి చూశారు. చూశాక కూడా వేళ్లు ఊడి రాలేదు. పక్కన కూలబడి, ఆ కాలిన చేతి వేళ్లను ఒక్కొక్కటే నేనే విప్పాను. "ఊడితే మీరు పోతరనుకున్న" అన్నారు, అంతే. నాకు ఏడుపు ఆగలేదు. కోపిష్ఠివాడు ఏడిస్తే చూడ్డానికి బాగుండదంటారు. బాగుండకపోతే పోయింది.

కాంట్రాక్టరు ఎప్పుడు లోపలికి వచ్చాడో, మా వెనక నిలబడి ఉన్నాడు. ప్యానెల్ వంక చూడలేదు. "ఇకమీద మన పనులన్నిట్లో ఎర్తింగ్ ఈయనదే. ఈయన సరే అనకుండా ఎవడూ పెట్టెలో తల పెట్టకూడదు" అన్నాడు. ఆ రోజు మేస్త్రి కడ్డీని ముట్టుకోలేదు. ముట్టుకోమని నేనూ అనలేదు.

సాయంత్రం ఆయన్ని సైకిల్ మీద వెళ్లనివ్వలేదు. ఇద్దరం సీతాఫల్‌మండి దాకా నడిచాం. స్టేషన్ గేటు వేసి ఉంటే గూడ్సు బండి వెళ్లేదాకా నిలబడ్డాం. ఆయన భార్య వాకిట్లో బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టి లేచింది. మొగుడి మొహం చూసింది, నా మొహం చూసింది. మా ఇద్దరి బట్టలూ మట్టి.

"ఏమైంది సారూ? పెట్టిండా చెయ్యి?"

మేస్త్రి తల వంచుకున్నారు.

"పెట్టాడమ్మా" అన్నాను. "రెండు చేతులూ పెట్టాడు."